మూడు దినాలు విప్పద్దు

"నీళ్లల ఉప్పు ఏసినవా" అని అడిగింది మొగిలవ్వ.

బాలమణి జవాబు చెప్పలే. పొయ్యి మీది గిన్నెను కొంగుతోని పట్టి దించింది. మూత పెట్టి అరుగు మీద పెట్టింది. చల్లారాలె. ఉప్పు తగలద్దని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట అత్తకు తను పది సార్లు చెప్పింది. ఇంకోసారి చెప్తే అది కొట్లాట అయితది. ఊకుంటే వేసిందనే అనుకుంటది. పన్నెండేండ్ల సంసారంల బాలమణి నేర్చుకున్నది గిదొకటి. నిజం చెప్పి మాటలు పడేకంటె, ఊకుండి తన పని తను చేసుకునుడు నయం.

"మా అవ్వగారింట్ల ఎద్దు మెడ పుండైనా ఉప్పు నీళ్లకే మానేది" అనుకుంట మొగిలవ్వ బియ్యం చాట ముందటేసుకున్నది. కోడలు వినాలనే అన్నది. మామ మొండయ్య గడప పక్కన కూసోని ఉన్నడు. ఒకప్పుడు కల్లు గీసెతందుకు తాళ్లెక్కిన మనిషి. ఇప్పుడు ఆయన మాట్లాడితే వాన వచ్చినంత అరుదు.

పుండు జలపతిది. బాలమణి పెనిమిటి. మస్కట్ల బిల్డింగు పని కాడ ఇనుప సలాక కాలి పిక్కల దిగింది. కంపెనోళ్లు గోలీలిచ్చి పని చేయించుకున్నరు. కాలు వాచి బూటు పట్టనప్పుడు విమానం ఎక్కిచ్చిండ్రు. జగిత్యాల దిక్కు ఇబ్రహీంపట్నం అవుతలి ఈ ఊర్లె గల్ఫ్ పోని ఇల్లు లేదు. పోయినోడు పెట్టె నిండ సామానుతోని దిగుతడు. జలపతి పుండుతోని దిగిండు. మూడు నెలలయింది. అప్పటిసంది ఇల్లు బాలమణి చేసే బీడీల మీదనే నడుస్తున్నది. ఆ సంగతి ఇంట్ల ఎవలు అనరు. అంటే జలపతికి నామోషి.

కోరుట్లల సూదులు అయినయి, గోలీలు అయినయి. చీము ఆగలే. ఎవలో చెప్తే జగిత్యాలల ఒక దవాఖానకు పోయిండ్రు. అక్కడి డాక్టరమ్మ చీము తీసి పరీక్షకు పంపింది. కాగితం వచ్చినంక దాన్ని జలపతి ముందట గాదు, బాలమణి ముందట పెట్టింది. మందుల పేర్లు వరుసగ ఉన్నయి. దాదాపు అన్నిటి ముందట ఒకటే అక్షరం. ఈ మందుకు పురుగు చావదు అని ఆ అక్షరానికి అర్థం. సగం సగం మందులు మింగి మింగి పురుగును మనమే మొండిదాన్ని చేసినం అన్నది. మిగిలిన ఒక్క మందు సూదిల ఇస్తం, దానితోని పాటు కొత్త పట్టీ ఒకటి ఉన్నది, ఇంక పరీక్షల ఉన్నది, ఒప్పుకుంటే ఊకెనే ఇస్తం అన్నది.

ఆ పట్టీల వెండి ఉన్నదట. వెండి అంటే మొగిలవ్వ కడియాల వెండి గాదు. డాక్టరమ్మ తన తల వెంట్రుక ఒకటి పట్టి చూపెట్టింది. దీని మందంల వెయ్యి గింజలు పక్కపక్కన పడతయి, అంత సన్న పొడి, నానో అంటరు అన్నది. అంత సన్నగయితే వెండి గుణం మారుతది. తడి తగిలితే మెల్లమెల్లగ బయటికి వస్తది. పురుగు తోలు చింపి లోపటికి పోయి చంపుతది. మూడు దినాలు అట్ల పని చేస్తనే ఉంటది. అందుకని మూడు దినాలు విప్పద్దు. కాగి చల్లారిన ఉత్త నీళ్లతోనే తడపాలె. ఉప్పు తగిలితే వెండి దాన్నే పట్టుకొని గడ్డ కట్టి కూసుంటది, పురుగు మీదికి పోదు. ఇంక పని చెయ్యదు.

బాలమణి సిరిసిల్లల పుట్టింది. తండ్రి సాంచెల మీద బట్ట నేసెటోడు, పరాయోళ్ల సాంచెలు. చప్పుడు వినుకుంటనే ఆమె పెరిగింది. బట్ట చేతికొస్తె ముందు పోగు చూస్తది. ఆ పట్టీ నీలం కలిసిన నల్లగ ఉన్నది. వేళ్లతోని అంచు పట్టి చూసింది. రెండు దిక్కులు ఒక్క తీరుగ లేవు. ఏ దిక్కు పుండు మీదికి రావాలె అని అడిగింది. డాక్టరమ్మ రాసుడు ఆపి ఆమె మొఖం చూసింది. మంచి మాట అడిగినవమ్మా అన్నది. పెండ్లయిన కాన్నుంచి బాలమణిని ఒక మాట అడిగినందుకు మెచ్చుకున్నది ఈమె ఒక్కతే. పది పట్టీల డబ్బ ఆమె చేతికే ఇచ్చింది. చేతికి తొడుక్కునే రబ్బరు తొడుగుల డబ్బ గూడ ఇచ్చింది. ఈ పురుగు నీకు అంటుకుంటది, తొడుక్కోకుండ ముట్టకు అన్నది.

బస్సుల జలపతి వెనుక సీటోళ్లకు వినబడేటట్టు నవ్విండు. నా పెండ్లాం కంపౌండరైంది అన్నడు. బాలమణి గూడ నవ్వింది. డబ్బ ఒళ్ల పెట్టుకొని కిటికీల నుంచి చూసింది. ఆ పూట ఆమెకు కొంచెం సంతోషంగనే ఉండె.

తొడుగులు రెండో దినమే పోయినయి. మొగిలవ్వ చూసింది. మొగని కాలు ముట్టెతందుకు చేతులకు కవర్లు తొడుగుతున్నది, రోత పుట్టిందా అన్నది. గంజి వార్చినప్పుడు నీ చెయ్యి కాలినా ఏం తొడుగలే గదా అన్నది. జలపతి ఏమన్న అంటడేమో అని బాలమణి చూసింది. ఆయన గోడ దిక్కు చూసుకుంట, ఉట్టి చేతులతోనే కట్టరాదే, నాకు గూడ ఎట్లనో అనిపిస్తుంది అన్నడు. ఎట్లనో అనిపిచ్చుడు ఏందో బాలమణికి అర్థం కాలే. నీ పుండు నేను కడుగుతున్న, నాకు ఎట్లనో అనిపిస్తదని నేనెప్పుడన్న అన్ననా అని మనసుల అనుకున్నది. మనసుల అనుకున్న మాటలు ఆమె దగ్గర చాన ఉన్నయి. ఆ డబ్బ మొగిలవ్వ అటక మీద పెట్టింది.

పట్టీ విప్పద్దన్నది గూడ సాగలే. ఈ దిక్కు మంచాన పడ్డ మనిషిని చూడనికి జనం బ్రెడ్డు పొట్లం, నాలుగు అరటిపండ్లు పట్టుకొని వస్తరు. వచ్చినోళ్లు ఉత్తగ పోరు, చూస్తరు. ఏది, విప్పు అంటరు. విప్పకుంటే మర్యాద గాదు. జలపతికి మర్యాద ఒక్కటే గాదు. అగ్రిమెంటు సగంల పడేసి వచ్చిండు, పని చేతగాక ఉరికొచ్చిండు అని ఊర్లె కొందరు అన్నరు. ఆ మాట ఆయన చెవుల పడ్డది. అప్పటిసంది వచ్చినోళ్లకల్ల తనే కట్టు విప్పుతడు. సలాక ఇటు దిగి అటు తేలింది అని వేలు పెట్టి చూపెడతడు. వాళ్లు అయ్యో అంటరు. ఆ అయ్యో విన్నంక ఆయన మొఖం తేటపడుతది. బాలమణి అది చూసింది. అందుకనే గట్టిగ అనలేకపోయింది. పుండే ఆయనకు సాక్ష్యం. వాళ్లు పోయినంక, ఏమే, కట్టు అంటడు. ఆమె చాయ్ గ్లాసులు కడిగి, చేతులు కడుక్కొని, మల్ల కడుతది. మూడు దినాలకు ఒకటి కావాల్సిన పట్టీలు రోజుకొకటి అయిపోయినయి. కొన్నిసార్లు విప్పిందే మల్ల పెట్టింది.

అదే నడుమ బాలమణి కుడి బొటనవేలుకు కత్తెర మొన దిగింది. బీడీ ఆకు కత్తిరిస్తుంటే దిగింది. గింజంత గాటు. దాని మీద పేలిక చుట్టుకొని పని చేసింది. అదే చేతితోని చీము గుడ్డలు ఉతికింది. అదే చేతితోని తంబాకు ముట్టింది. వేలు వాచింది. బీడీ మూతి మడిచేది బొటనవేలుతోనే. అది పని చెయ్యకుంటే బీడీ లేదు. మూతులు సక్కగ లేవని బీడీ కంపెనీ కాడ కట్టలకు కట్టలు పక్కకు పడేసిండ్రు. పక్కింటి సారక్క చూసి, పిల్లా, నీ ఏలు వంకాయ లెక్క అయింది, దవాఖాన్ల చూపెట్టు అన్నది. మొగిలవ్వ విని, మొగడు కాలు పట్టుకొని ఏడుస్తుంటే ఈమెకు ఏలు నొచ్చిందట అన్నది. పసుపు పెట్టుకోమన్నది. బాలమణి పసుపు పెట్టుకున్నది. ఇంట్ల ఒక్కరికే జబ్బు రావాలె, రెండోది వస్తె అది సాకు.

గిన్నె చల్లారింది. ఇంక రెండే పట్టీలు ఉన్నయి. బాలమణి గుడ్డ ముంచి పిండింది. చెయ్యి ఎత్తితే మోచెయ్యి దాక నీళ్లు కారినయి. చెమటకు మూతి తుడుచుకుంటే పెదవికి తగిలింది. ఉప్పగ ఉన్నది. ఒక వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నది. చారంత ఉప్పు.

అత్త దిక్కు చూసింది. మొగిలవ్వ చాటల మెరిగెలు ఏరుతున్నది.

"ఎన్నిసార్లు ఏసినవ్ అత్తా" అని మెల్లగ అడిగింది.

"ఏసిన. రోజు ఏసిన. నువ్వు ఎయ్యవు గదా" అన్నది మొగిలవ్వ తల ఎత్తకుండ. "కన్నదాన్ని. నా కొడుకు కాలు నేను ఖరాబు చేసుకుంటనా?"

చెయ్యదు. అది బాలమణికి తెలుసు. ఈ ముసలామె కొడుకు గల్ఫ్‌ల ఉన్న నాలుగేండ్లు శనివారం శనివారం ఒక్కపొద్దున్నది. చెడగొట్టాలని చెయ్యలే. కోడలు చెప్పిన మాట మాట గాదనుకున్నది, గంతే. డాక్టరమ్మ మాటనే, గాని అది కోడలి నోట్ల నుంచి వచ్చింది. బాలమణి నోట్ల నుంచి వస్తె బంగారమైనా ఈ ఇంట్ల ఇత్తడి అయితది. గిన్నె నీళ్లు మల్లెచెట్టు మొదట్ల పొయ్యబోయి, ఉప్పని యాదికొచ్చి, బయట బాటల పారబోసింది. జలపతి లోపటి నుంచి పొద్దుగాల్నే ఏం పంచాదే మీది అన్నడు. ఆ దినం జగిత్యాల పోయే దినం. పాత కట్టుతోనే బస్సెక్కిండ్రు.

డాక్టరమ్మ కట్టు విప్పింది. పుండు అరచెయ్యంత ఉన్నది నాలుగు వేళ్లంత అయింది, గాని అంచుల చీము ఉన్నది. ఇప్పటికి మూసుకపోవాలె గదా అన్నది. ఎన్ని పట్టీలు మిగిలినయి అని అడిగింది. ఒకటి దవాఖాన్ల పెట్టెతందుకు పోతే ఇంక ఒక్కటే. పది పట్టీలు ముప్పై దినాలు రావాలె, పదిహేను దినాలకే ఎట్ల అయినయి అన్నది.

"ఆమెనే కడ్తదమ్మా. నాకేం ఎరుక" అన్నడు జలపతి.

డాక్టరమ్మ బాలమణి దిక్కు తిరిగింది. అన్నీ అర్థమయినయన్నవ్ గదమ్మా, నిన్ను నమ్మి ఇచ్చిన అన్నది. గట్టిగ అనలే. గట్టిగ అంటె నయముండు. బాలమణి నోటి దాక మాట వచ్చింది. ఉప్పు సంగతి, చూడవచ్చినోళ్ల సంగతి, అటక మీది తొడుగుల సంగతి. ఒక్కటి గూడ బయటికి రాలే. చెప్తె ఈ గదిల ఈమె ముందట గెలుస్తది. గెలిచినంక ఎక్కేది అదే బస్సు. దిగేది అదే వాకిట్ల. జలపతి గోడ మీది క్యాలెండర్ చూస్తున్నడు. ఆయనకు తెలుసు. తెలిసి ఊకున్నడు. సలాక దిగితే అది కంపెనీ తప్పు, కాలు మానకుంటే పెండ్లాం తప్పు. తనది ఏ తప్పు లేనట్టు మనిషి ఎట్ల కూసుంటడో బాలమణి ఆ దినం దగ్గరి నుంచి చూసింది.

మిగిలిన పట్టీ తీసుకునేతందుకు చెయ్యి చాపింది. డాక్టరమ్మ ఆ చెయ్యే పట్టుకున్నది. పేలిక విప్పింది. ఎన్ని దినాలైంది అని అడిగింది. లోపటికి తీసుకపోయి గాటు పెట్టి చీము తీసింది. ఇది నీ పెనిమిటి పురుగే అయి ఉంటది, పరీక్షకు పంపుతున్న, వచ్చేదాక ఆగితే పురుగు ఎముకకు పోతది, ఎముకకు పోతే వేలు తియ్యాలె అన్నది. కుడిచెయ్యి, బొటనవేలు. బాలమణికి అప్పుడు పుండు యాదికి రాలే. మూతి మడవని బీడీలు యాదికొచ్చినయి. చాట ముందట వేలు లేని చెయ్యి యాదికొచ్చింది.

కొత్త పట్టీలు పై వారానికి గాని రావు. ఈ ఒక్కటి ఇద్దరికి పంచుకో అని డాక్టరమ్మ చెప్పింది. ఆయన పుండు చిన్నగయింది, ఇంత చాలు, నీ వేలుకు రెండు వేళ్ల వెడల్పు చాలు. కాగితం మీద నీ పేరు గూడ రాస్త అన్నది. మూతి బిగిచ్చిన నీళ్ల సీస ఇచ్చింది. ఇద్దరికి సూదులు రాసింది. చీము కారుతది గనుక ఇయ్యాలటి కట్లు ఎల్లుండి మార్చాలె, అప్పుడు ఇది పెట్టుకోండ్రి, పెట్టినంక మూడు దినాలు విప్పద్దు అన్నది. ఆ మూడు దినాలు నీ చేతికి బయటి నీళ్లు తగలద్దు, తంబాకు తగలద్దు, బోళ్లు లేవు, బట్టలు లేవు, బీడీలు లేవు అన్నది. ఇంట్ల ఎవలన్న చేసెటోళ్లు ఉన్నరా అని అడిగింది.

"ఉన్నరు" అన్నది బాలమణి. ముగ్గురు ఉన్నరు.

చెప్పిన దినం పొద్దుగాల పట్టీ తీసి పీట మీద పెట్టింది. ఇద్దరికి పంచుకొమ్మన్న సంగతి, మూడు దినాల సంగతి చెప్పింది. మొగిలవ్వ ముందు నమ్మలే. మొగోని కాలుకు ఇచ్చిన మందు నీ ఏలుకా అన్నది. మూడు దినాలు పొయ్యి ఎవలు చూస్తరు, నా నడుము నీకెరుక లేదా అన్నది. జలపతి మెత్తగనే అన్నడు, మెత్తగ అన్నదే ఎక్కువ గుచ్చుకున్నది. నాది నడిచే కాలు గదనే, నేను మల్ల పోవాలె, వీసాకు కాలు చూస్తరు. నీది ఏలు. ఈసారికి పసుపు పెట్టుకో. రేపు కోరుట్ల నుంచి పోశం మామ వస్తుండు, మంచి కట్టు ఉండాలె అన్నడు.

నీది ఏలు. ఆ మాట బాలమణి లోపట్నే రెండు సార్లు అనుకున్నది. ఈ ఏలు మడిచిన బీడీలతోనే నీ సూదులు వచ్చినయి. ఈ ఏలుతోనే నీ చీము పిండిన. నీ కాలు పోయెతందుకు నడుస్తది. నా ఏలు ఉండెతందుకు పని చేస్తది. ఏది పెద్దది? అడగలే. అడిగితే ఆయన జవాబు చెప్తడు, ఆ జవాబు ఆమెకు అక్కర లేదు.

కత్తెరను మసిలే నీళ్లల వేసి తీసింది. ముందు తన ముక్క కోసింది. రెండు వేళ్ల వెడల్పు, ఒక్క పోగు లేవకుండ సక్కగ కోసింది. మొగిలవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. తర్వాత అటక మీది తొడుగుల డబ్బ దించింది. వాచిన వేలుకు తొడుగు పట్టదు, పండ్లు కరిచి ఎక్కిచ్చింది. సీస మూతి విప్పి, మిగిలిన పెద్ద ముక్క తడిపి, జలపతి కాలుకు పెట్టి కట్టింది. కట్టినంక బీడీ దారం సూదికెక్కిచ్చి కట్టు కొసను కుట్టేసింది. సన్న కుట్టు, దగ్గర దగ్గర.

"ఏందే గిది, గోనె సంచి కుట్టినట్టు" అన్నడు జలపతి.

ఆమె తొడుగులు తీసి పారేసి తన చెయ్యి ఆయన ముందటికి చాపింది. ఇంక నువ్వు కట్టు అన్నది. ఆయన ఆ వేలును చూసిండు. ఇన్ని దినాలకు మొదటిసారి చూసిండు. అవ్వ దిక్కు చూసిండు. నాకు రాదు అన్నడు.

రాదు అన్నోని మీద కోపం రాలే. బాలమణి సీస, ముక్క, ఒక జత తొడుగులు పట్టుకొని సారక్క ఇంటికి పోయింది. సారక్క చేతులు కడుక్కొని తొడుగులు తొడుక్కొని కట్టింది. మొగోనికి కాలు నొస్తె ఊరంత బ్రెడ్డు పట్టుకొస్తది, ఆడిదానికి ఏలు నొస్తె పక్కింటిదే దిక్కు, ఎన్ని బ్రెడ్లు తినిపిస్తవ్ నాకు అని నవ్వింది. బాలమణికి ఏడుపు వచ్చింది. నొప్పికి గాదు. తన చెయ్యిని ఇంకొకరు అంత జాగర్తగ పట్టుకునుడు ఆమెకు కొత్త.

ఆ దినం బాలమణి పొయ్యి కాడికి పోలే. మొగిలవ్వ బోళ్లు ఎత్తేసుకుంట, దించుకుంట ఊరికి వినబడేటట్టు వండింది. రాణి తీరుగ కూసున్నది అన్నది. రాణి ఎప్పుడు కూసుంటదో, ఎట్ల కూసుంటదో బాలమణికి ఎరుక లేదు. కూసునుడు గూడ కష్టంగనే ఉన్నది. చెయ్యి ఊకెనే లేవబోతది. కాళ్లు వాటంతటవే బావి దిక్కు పోబోతయి. రెండు సార్లు లేచి రెండు సార్లు కూసున్నది. మొండయ్య తిన్నంక తన పళ్లెం తనే కడుక్కొని బోర్లించిండు.

మర్నాడు పొద్దెక్కినంక పోశం కోరుట్ల బస్సు దిగి వచ్చిండు. మొగిలవ్వ తమ్ముడు. చేతిల బ్రెడ్డు పొట్లం, బత్తాయిల సంచి. మంచం మీద కూసోని గల్ఫ్ ముచ్చట్లు అడిగిండు. మా దిక్కు గూడ కొందరు అంటుండ్రు అల్లుడా, ఉరికొచ్చినవని, నేను కొట్లాడిన అన్నడు. జలపతి మొఖం ఎర్రగయింది.

"ఏది, విప్పు, నేను కండ్లార చూస్త. చూసినోడు చెప్తె నమ్ముతరు" అన్నడు పోశం.

జలపతి చెయ్యి కట్టు మీదికి పోయింది. కొస దొరకలే. వేళ్లతోని తడుముకున్నడు. కుట్టు గట్టిగ ఉన్నది.

"ఏమే, కత్తెర తే" అన్నడు.

కత్తెర బాలమణి పక్కన ఆకు చాటల్నే ఉన్నది. ఆమె కట్టు కట్టిన చెయ్యి ఒళ్ల పెట్టుకొని కూసున్నది. ఎడమ చేతితోని కత్తెర తీసి, లేవకుండనే, ఆయన మంచం మీదికి జరిపింది.

"విప్పుకో" అన్నది. "మల్ల కట్టే చెయ్యి ఈ ఇంట్ల లేదు."